తీతువు అరుపు ఎవరి కోసం?

కూలిరేట్లు, కౌళ్లు, ఎరువుల ధరలు రాసుకునే ఈ శీర్షికలో పిట్టల గొడవ ఏమిటని కొందరు అడగవచ్చు. అడగనివ్వండి. పొద్దు పొడవకముందే పొలంలో దిగి పొద్దుగూకినాక ఇల్లు చేరే మనిషి రోజంతా వినేది ఏమిటి? ఆసామి కేకలు కాసేపే. మిగతా కాలమంతా వినబడేవి పిట్టల కూతలే. నాట్లేసే ఆడకూలీలను అడిగి చూడండి. ఏ గట్టున ఏ పిట్ట కూస్తుందో, ఏది ఎండాకాలం మొదలుపెడుతుందో, ఏది వానతో వస్తుందో వాళ్లకు తెలిసినంతగా పట్నంలో చదువుకున్నవాళ్లకు తెలియదు. అయితే ఆ కూత ఎందుకు అన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనవాళ్లు కూడా శకునాలు చెప్పేవాళ్ల మాటే పట్టుకుంటున్నారు. కాకి అరిస్తే చుట్టాలొస్తారు. గుడ్లగూబ అరిస్తే ఇల్లు పాడవుతుంది. తీతువు అరిస్తే చావు.

కాకి సంగతి పోనివ్వండి, దానివల్ల పెద్ద నష్టం లేదు. అన్నం ఉన్న ఇంటి మీదే కాకి వాలుతుంది, అన్నం ఉన్న ఇంటికే చుట్టమూ వస్తాడు. రెండూ ఒకనాడు కలిస్తే ఆశ్చర్యపోనక్కర లేదు. తీతువు విషయం అలా కాదు. ఈ ఒక్క పిట్ట అరుపును తప్పుగా చదువుకున్నందువల్ల మనుషుల ప్రాణాలు పోతున్నాయి. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేలమీద కాపురం

తీతువును చూడనివాళ్లు మన పల్లెల్లో ఉండరు. కొన్నిచోట్ల చితవ అంటారు. పావురం కంటె కాస్త పెద్దది, పొడుగు కాళ్లది. తల, మెడ, రొమ్ము నలుపు. పొట్ట తెలుపు. కాళ్లు పసుపు. కంటికీ ముక్కుకూ మధ్య ఎర్రటి కండ ఒకటి ఉంటుంది, అదే దాని గుర్తు. చెరువు గట్లు, బీళ్లు, దున్నిన చేలు, కాలవ వార దాని బతుకుదెరువు. పురుగులు, చీమలు, చెదలు, నత్తలు ఏరుకుని తింటుంది. పంటకు అది చేసే కీడేమీ లేదు. దాని పేరే దాని అరుపు. సంస్కృతంలో టిట్టిభం అన్నారు, హిందీవాళ్లు టిటిహరి అంటారు, మనం తీతువన్నాం. ఎవరి చెవికి ఎలా వినబడితే అలా.

ఈ పిట్ట చెట్టెక్కదు. గూడు అల్లడం దానికి తెలియదు. నేలమీద చిన్న పల్లం చేసుకుని, చుట్టూ నాలుగు గులకరాళ్లో మట్టిపెళ్లలో మేకపెంటికలో పేర్చుకుని, అందులో గుడ్లు పెడుతుంది. మామూలుగా నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. పక్కనే నిలబడ్డా కనబడవు. మార్చి నుంచి ఆగస్టు దాకా దాని గుడ్ల కాలం. ఆడదీ మగదీ రెండూ వంతులేసుకుని దాదాపు నెల్లాళ్లు పొదుగుతాయి. మే నెల ఎండలో గుడ్లు ఉడికిపోకుండా, చెరువుకు పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి వాటిమీద కూచుంటాయి. మన ఆడవాళ్లు నీళ్ల కోసం మైళ్లు నడిచినట్టే అనుకోండి.

ఇలాంటి కాపురానికి తలుపుండదు, గోడుండదు. కుక్క వస్తుంది, నక్క వస్తుంది, ముంగిస వస్తుంది, పాము వస్తుంది, గొర్రెల మంద వస్తుంది, మనిషి వస్తాడు. మరి ఆ పిట్టకు ఉన్న ఆయుధం ఏమిటి? గోళ్లు లేవు, వాడి ముక్కు లేదు. గొంతు ఒక్కటే. గుడ్ల దగ్గరికి ఎవరు వస్తున్నా అల్లంత దూరంలోనే పసిగట్టి, చప్పుడు లేకుండా గుడ్లమీద నుంచి లేచి కొంత దూరం నడిచిపోయి, అక్కడ నుంచి ఎగిరి గోల మొదలుపెడుతుంది. నెత్తిమీద తిరుగుతూ అరుస్తుంది. మీదికి దూకినట్టు చేస్తుంది. ఒక్కోసారి రెక్క విరిగినట్టు నేలమీద పొర్లి, వచ్చినవాణ్ణి తన వెంట దూరంగా లాక్కుపోతుంది. ఆ అరుపులో మూడు సంగతులున్నాయి. జతదానికి, ఇదిగో ఎవరో వస్తున్నారు అని. పిల్లలకు, కదలకండి అని. వచ్చిన శత్రువుకు, నిన్ను చూశాను, దొంగతనం ఇక సాగదు అని. మన ఊరికి, మన ఇంటికి, మన ఆయుష్షుకు అందులో ఒక్క ముక్కా లేదు.

తమిళులు ఈ పిట్టకు ఆళ్‌కాట్టి అని పేరు పెట్టుకున్నారు. మనిషిని పట్టించేది అని అర్థం. ఈ పేరు పెట్టినవాడు ఎవడో గాని పొలంలో తిరిగినవాడే అయి ఉంటాడు. అరుపు విని, ఎవరో నడుస్తున్నారని గ్రహించి, ఆ గ్రహించిందే పేరుగా పెట్టాడు.

పంచతంత్రం మిత్రభేదంలో ఈ పిట్టల జంట కథ ఉంది. సముద్రం గుడ్లు ఎత్తుకుపోతే పిట్టలన్నీ ఒక్కచోట చేరి మొరపెట్టుకుంటాయి, గరుత్మంతుడి దాకా పోతుంది, చివరకు సముద్రం గుడ్లు తిరిగి ఇస్తుంది. దేవుళ్ల సంగతి పక్కన పెట్టినా, పిట్టలు ముందు సంఘం కట్టిన మాట మాత్రం నాకు నచ్చుతుంది. ఆకాశం మీద పడుతుందేమోనని ఇది కాళ్లు పైకెత్తి పడుకుంటుందన్న మాట కూడా అందులోనే ఉంది. రాత్రనక పగలనక కాపలా కాసే పిట్ట వెల్లకిలా పడుకునేది ఎప్పుడో చెప్పినవాళ్లకే తెలియాలి.

రాత్రిపూట అరుపు

చావుకూ దీని అరుపుకూ ముడి ఎలా పడింది? కొంచెం ఆలోచిస్తే తేలిపోతుంది. తీతువు ఉండేది ఊరి బయట బీడులో, చెరువు కట్ట కింద. మన ఊళ్లలో శ్మశానాలు ఉండేదీ అక్కడే. చీకటి పడినాక అటువైపు మనిషి పోయేది ఎప్పుడు? ఎవరైనా పోయినప్పుడు. గొయ్యి తీయడానికి గడ్డపారలు పట్టుకుని నలుగురు పోతే తీతువు లేచి అరుస్తుంది. ఊళ్లో ఏడుపు, ఊరి బయట పిట్ట అరుపు ఒకే రాత్రి వినబడ్డాయి. ఏది ముందో ఏది వెనకో తారుమారైంది. పైగా ఇది వెన్నెల రాత్రుల్లో మెలకువగా తిరిగే పిట్ట, ఏడాదిలో ఎన్నో రాత్రులు అరుస్తూనే ఉంటుంది. చావు జరగని ఆ రాత్రులన్నీ ఎవరికీ గుర్తుండవు. జరిగిన ఒక్క రాత్రి నూరేళ్లు గుర్తుంటుంది.

పన్నెండేళ్ల కిందటి మాట. కూలిరేట్ల విషయమై ఒక ఊరు వెళ్లి, రాత్రి అక్కడే పడుకున్నాం. కళ్లం కాపలాకు పోయి నేలమీద పడుకున్న ఒక కూలి మనిషి, వయసు ముప్పై అయిదు ఉంటుందేమో, నడిరాత్రి ఇంటికి వచ్చి కడుపులో నొప్పి, కళ్లు మూతలు పడుతున్నాయి అన్నాడట. కట్లపాము కరిస్తే అంతే. కాటు నొప్పి ఉండదు, వాపు ఉండదు, నిద్రలో తెలియనే తెలియదు. ఆ కళ్లం వైపునుంచి తీతువు అరుపు అంతకుముందు నుంచీ వినబడుతోంది. ఇంట్లో పెద్దది, ‘మూడుసార్లు కూసింది, ఇంక ఎక్కడికి తీసుకుపోయినా ఒకటే’ అని గడప మీద కూలబడింది. వాడకట్టులో ఇంకో ఇద్దరు కూడా అదే అన్నారు. మంత్రగాణ్ణి పిలిచారు. మాకు కబురు తెలిసి, కుర్రాళ్లను లేపి, ట్రాక్టరు అడిగి పట్టుకొచ్చేసరికి తెల్లవారుజాము అయింది. దారిలోనే పోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు.

ఆ కళ్లం దగ్గర ఆ రాత్రి తీతువు ఎందుకు అరిచి ఉంటుంది? నేలమీద ఏదో కదులుతోంది గనుక. పామే కావచ్చు, కుక్క కావచ్చు, ఆ కాపలా మనిషే కావచ్చు. పిట్ట చెప్పింది అంతవరకే. దాన్ని చావు కబురుగా విన్నందువల్ల మూడు గంటలు పోయాయి. విషానికి విరుగుడు మందు అందవలసిన మూడు గంటలు. మర్నాడు రాత్రి కూడా అదే పిట్ట అదే చోట అరిచింది. ఆ రాత్రి ఎవరూ చావలేదు. ఆ మాట మాత్రం ఎవరూ అనుకోలేదు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. సగటున ఏడాదికి 58 వేలు. అందులో ఎక్కువమంది పల్లెల వాళ్లు, ఎక్కువ చావులు వానాకాలంలో, ఎక్కువగా ఇంటి దగ్గరే, ఆసుపత్రి గడప తొక్కకుండానే. వీళ్లంతా ఎవరు? చెప్పులు లేకుండా గట్ల మీద నడిచేవాళ్లు, కళ్లాల్లో నేలమీద పడుకునేవాళ్లు. వ్యవసాయానికి రాత్రిపూట కరెంటు ఇచ్చిన ఆ ఏళ్లలో మోటారు వేయడానికి చీకట్లో పోయి కాటుకు బలైనవాళ్లు ఎందరో.

రాత్రిపూట చేలో తీతువు ఒక్కసారిగా గోల పెట్టిందంటే నిలబడండి. టార్చిలైటు నేలమీద వేయండి. కర్రతో గట్టు తట్టండి. మిమ్మల్ని చూసే అరుస్తూ ఉండవచ్చు, అప్పుడు పోయేదేమీ లేదు. పాము కరిచినట్టు అనుమానం వస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పిట్ట ఎన్నిసార్లు కూసిందో లెక్కపెట్టేవాణ్ణి పక్కకు నెట్టాలి.

గట్టు రాయి లేని సరిహద్దు

తీతువుది హెచ్చరిక. కాని పిట్టల నోట వచ్చేదంతా హెచ్చరికే కాదు. అసలు పిట్టలు ఎందుకు ఇంత గోల చేస్తాయన్నది చాలామంది శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలించిన విషయం. వాళ్లు తేల్చింది ఏమిటంటే, పొట్టి పొట్టి అరుపులు వేరు, పాట వేరు. అరుపు ఆడదీ మగదీ పిల్లా అన్నీ అరుస్తాయి. ఆకలేసిందని, ఇక్కడున్నానని, డేగ వచ్చిందని. పాట మాత్రం చాలా జాతుల్లో మగపిట్టదే ఎక్కువ, అదీ జతకట్టే కాలంలో. ఆడవీ పాడే జాతులున్నాయి, ఆ తేడా గుర్తుంచుకోవాలి.

పాట ఎవరికి? ఇద్దరికి. ఆడపిట్టకు, రా అని. సాటి మగపిట్టకు, రావద్దు అని. ఒకే పాటతో రెండు పనులు. ఈ రెండోదాన్ని పరీక్ష చేసి చూసినవాడు క్రెబ్స్ అనే ఆయన. 1970లలో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు దగ్గర అడవిలో, పిచ్చుకంత పిట్టల జాతి ఒకటి తలా కొంత జాగా పంచుకుని ఉండేది. ఆయన ఆ పిట్టల్ని పట్టి తీసేశాడు. ఖాళీ అయిన జాగాలో ఒకచోట లౌడు స్పీకర్లు పెట్టి ఆ పిట్ట పాటే వినిపించాడు. ఇంకోచోట రేకు పిల్లంగోవి పాట వినిపించాడు. మరోచోట ఏమీ లేదు. పిల్లంగోవి చోటూ, ఏమీ లేని చోటూ కొత్త పిట్టలు త్వరగా ఆక్రమించాయి. పిట్టపాట వినబడే చోట్లో మాత్రం చాలాసేపు అడుగు పెట్టలేదు. లోపల పిట్ట లేదు, పాట ఒక్కటే ఉంది, అయినా సరిహద్దు నిలిచింది. పట్టా కాగితం లేదు, సర్వే రాయి లేదు, కరణం లేడు. రోజూ పొద్దున్నే నిలబడి పాడాలి, పాడినంతకాలమే భూమి తనది. మన భూస్వాముల్లో చాలామందికి ఆ షరతు పెడితే ఎన్ని ఎకరాలు మిగులుతాయో చూడాలని ఉంది.

మనకు మాట పుట్టేది గొంతు పైభాగంలో. పిట్టలకు అలా కాదు. గాలిగొట్టం కిందికి దిగి రెండు ఊపిరితిత్తులకు రెండు పాయలుగా చీలుతుంది గదా, ఆ చీలిన చోట ఉంటుంది వాటి స్వరపేటిక. పాటపిట్టల్లో రెండు పాయలూ వేరు వేరుగా పలకగలవు. ఒక్క పిట్టే ఇద్దరిలా పాడుతున్నట్టు మనకు అనిపించేది అందుకే. ఆ పాట కూడా కడుపులోనుంచి తెచ్చుకునేది కాదు, నేర్చుకునేది. 1950లలో కేంబ్రిడ్జిలో థార్పు అనే శాస్త్రజ్ఞుడు ఒక జాతి పిల్లల్ని పెద్ద పిట్టల పాట వినబడకుండా పెంచి చూశాడు. పెరిగినాక అవి ఏదో ముక్కుతూ మూలుగుతూ వంకర పాట పాడాయి గాని జాతి పాట రాలేదు. కోడికీ తీతువుకూ ఈ బాధ లేదు, వాటి అరుపు పుట్టుకతోనే వస్తుంది.

కోయిల గురించి ఒక్క మాట చెప్పాలి. కవులు ఎప్పుడూ ఆడకోయిలను పట్టుకుని పొగుడుతుంటారు. ఉగాది ముందు నుంచి మామిడి చెట్టు మీద గొంతు చించుకునేది నల్లటి మగది. ఆడది మచ్చలు మచ్చలుగా ఉండి కిక్కిక్కిక్ మంటూ అరుస్తుంది, దాన్ని కోయిల అని కూడా చాలామంది గుర్తుపట్టరు. అది కాకి గూట్లో గుడ్డు పెట్టాలి. కాకి గుడ్ల కాలమే దాని గుడ్ల కాలం. వసంతం వచ్చిందన్న ఆనందం అందులో ఎంతుందో నాకు తెలియదు గాని, మగకోయిలకు మాత్రం ఆ రెండు మూడు నెలలూ గొడ్డు చాకిరీ.

పొద్దున్నే ఎందుకు ఇంత కూత అని పిల్లలు అడుగుతారు. వెలుతురు చాలక పురుగులు కనబడవు, తిండి వేట మొదలుకాదు, ఖాళీ సమయం. గాలి కదలదు, చప్పుళ్లు తక్కువ, గొంతు దూరం పోతుంది. రాత్రి గడిచి ఇంకా ఇక్కడే బతికి ఉన్నాను, నా జాగా ఖాళీ కాలేదు అని చాటుకోవాలి. ఒక్క కారణమే అని ఎవరైనా చెబితే నమ్మనక్కర లేదు, ఇవన్నీ కలిసే ఉంటాయి. కోడిపుంజు విషయంలో జపానువాళ్లు 2013లో ఒకటి తేల్చారు. పుంజులను రోజంతా ఒకే మసక వెలుతురులో ఉంచినా అవి తమ లోపలి గడియారం ప్రకారం వేళకు కూశాయి. సూర్యుడు లేపితే లేచేది కాదన్నమాట. రెండేళ్ల తర్వాత వాళ్లే ఇంకోటి గమనించారు. గుంపులో పెద్ద పుంజు ముందు కూస్తుంది, తర్వాత రెండోది, తర్వాత మూడోది, హోదా ప్రకారం. పెద్దది కూయకముందు చిన్నది నోరెత్తదు. తొలికోడికి లేచి దొర ఇంట్లో పేడ తీసిన పాలేర్లకు ఈ ఏర్పాటు కొత్తగా ఏమీ అనిపించదు.

నిజం అరుపు, దొంగ అరుపు

మళ్లీ హెచ్చరికలకు వద్దాం. అందులోనూ రకాలున్నాయి. పీటర్ మార్లర్ అనే ఆయన 1950లలో దీన్ని పట్టుకున్నాడు. ఆకాశంలో డేగ కనబడితే చిన్నపిట్టలు సన్నగా, ఒకే తీరుగా ‘సీ’ మంటాయి. ఆ అరుపు ఎటునుంచి వచ్చిందో చెప్పడం కష్టం, డేగకు పిట్ట దొరకదు, తోటిపిట్టలకు మాత్రం కబురు అందుతుంది. అదే కొమ్మమీద గుడ్లగూబ కూచుని కనబడితే గరుకుగా, తెగ్గొట్టి తెగ్గొట్టి అరుస్తాయి. ఎక్కడుందో అందరికీ తెలియాలి, అందరూ వచ్చి తరమాలి. దాక్కోవలసినప్పుడు ఒక గొంతు, పోగవవలసినప్పుడు ఇంకో గొంతు.

మన చేలల్లో ఈ కాపలా పనికి పేరుపడ్డది పసుల పోలిగాడు. ఏట్రింత అని కూడా అంటారు. నల్లగా, చీలిన తోకతో, గేదెల వీపుమీద కూచుని సవారీ చేస్తుంటుంది. తన గూటి దగ్గరికి కాకి వచ్చినా డేగ వచ్చినా ఊరుకోదు. అరుస్తూ మీదపడి తరుముతుంది. అందుకే మెత్తని పిట్టలు కొన్ని దాని గూడున్న చెట్టుమీదే తమ గూళ్లూ పెట్టుకుంటాయి. హిందీవాళ్లు దీన్ని కొత్వాల్ అంటారు. అయితే ఆఫ్రికాలో దీని దగ్గర చుట్టం ఒకటి ఉంది, దాని సంగతి వేరు. కలహారి ఎడారిలో అది మిగతా జంతువులకు నిజంగానే డేగ వచ్చిందని చెబుతుంది, అవి నమ్ముతాయి. నమ్మకం కుదిరాక, ఎవరికైనా లావుపాటి పురుగు దొరికినప్పుడు, డేగ లేకపోయినా వచ్చిందని అరుస్తుంది. అవి తిండి వదిలి పరిగెత్తుతాయి, ఇది దిగి తినేస్తుంది. ఒక గొంతు పని చెయ్యకపోతే ఇంకో జాతి గొంతు అనుకరించి మరీ మోసం చేస్తుంది. దాని తిండిలో నాలుగో వంతుకు దగ్గరగా ఇలా సంపాదించేదేనని 2014లో ప్రచురించారు. పంట చేతికొచ్చే వేళకు ‘ధర పడిపోతోంది, ఇవ్వాళే అమ్ముకో’ అని కల్లాల చుట్టూ తిరిగే దళారీని చూసినవాళ్లకు ఈ పిట్టను ప్రత్యేకంగా పరిచయం చెయ్యక్కర లేదు.

గుడ్లగూబను మనవాళ్లు తీతువు కంటె ఎక్కువ హింస పెడతారు. రాళ్లేసి చంపుతారు, గూళ్లు తగలబెడతారు. పాడుబడ్డ మేడల్లో, గోపురాల్లో ఉండే తెల్ల గుడ్లగూబ కీచుమని అరిచేది జత కోసం. లోపలనుంచి బుసబుసమని వినబడేది పాము కాదు, దయ్యం కాదు, దాని పిల్లలు తిండి కోసం పెట్టే గోల. ఆ తిండి ఏమిటో తెలుసా? ఎలుకలు. మలేషియాలో ఆయిల్‌పామ్ తోటలవాళ్లు ఎలుకల బెడద తగ్గించుకోడానికి ఈ గుడ్లగూబలకు పెట్టెలు కట్టి పిలుచుకుంటున్నారు. మనం ఇక్కడ వరిచేలో ఎలుకలు పట్టడానికి యానాది సోదరులకు కూలి ఇస్తూ, ఉచితంగా ఎలుకలు పట్టేదాన్ని రాళ్లతో కొడుతున్నాం.

పిట్ట గొంతును సరిగా వింటే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి కడప జిల్లా కలివికోడి ఒక్కటి చాలు. ఇది కూడా తీతువు మాదిరే నేలమీద తిరిగే పిట్ట, కాకపోతే రాత్రి పిట్ట, కంపపొదల మధ్య ఉంటుంది. 1848 ప్రాంతంలో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు దీని సంగతి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఇక లేదన్నారు, పుస్తకాల్లో చచ్చిపోయినవాటి లెక్కలో వేశారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర అది మళ్లీ దొరికింది. దొరకబట్టింది పెద్ద చదువుల శాస్త్రజ్ఞుడు కాదు. బొంబాయి నుంచి వచ్చిన పరిశోధకులు ఊళ్లలో బొమ్మ చూపించి అడుగుతూ పోతే, పిట్టల్ని పట్టి బతికే స్థానికుడొకడు నాకు తెలుసన్నాడు, రాత్రి లైటు వేసుకుపోయి పట్టుకొచ్చాడు. తర్వాత పదిహేనేళ్లకు గాని దాని కూత ఏదో తేలలేదు. పొద్దుగూకినాక కాసేపు మాత్రమే కూసి ఊరుకుంటుంది. కూత రికార్డు అయినాక, దాన్ని వినిపించి, బదులు వస్తుందేమో చూసి, ఎక్కడెక్కడ ఉందో వెతకడం మొదలైంది. కంటికి దొరకని పిట్ట చెవికి దొరికింది.

కూత ఎంత ముఖ్యమో, కూత ఆగిపోవడం అంతకంటె ముఖ్యమైన కబురు. 1962లో రేచెల్ కార్సన్ అనే అమెరికన్ ఆమె పురుగుమందుల మీద రాసిన పుస్తకానికి నిశ్శబ్ద వసంతం అని అర్థం వచ్చే పేరు పెట్టింది అందుకే. మోనోక్రోటోఫాస్ సంగతి పత్తిచేలల్లో మందు కొట్టే కూలీలకు చెప్పనక్కర లేదు. 1995, 1996 సంవత్సరాల్లో అర్జెంటీనాలో అదే మందు కొట్టిన చేలల్లో మిడతలు తిన్న డేగలు వేలకొద్దీ రాలిపోయాయి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందులు కొడుతూ 20 మందికి పైగా కూలీలు, రైతులు చనిపోయారు. పిట్ట ఒళ్లు చిన్నది, దానికి ముందు తగులుతుంది. మొన్నటిదాకా పిట్టలు గోలపెట్టిన చేలో మందు కొట్టిన మర్నాడు ఏదీ పలకకపోతే, ఆ చేలో కలుపుకు దిగమన్న ఆసామిని ఏ మందు కొట్టావు, ఎన్నాళ్లయిందని అడిగే హక్కు కూలి మనిషికి ఉంది. అడిగి దిగాలి.

ఇక వేసవి దుక్కుల కాలానికి ఒక మాట. ట్రాక్టరు మీద ఉన్నవాడికి తీతువు అరుపు వినబడదు. నాగలి వెంట నడిచేవాడికి వినబడేది. దుక్కిలో తీతువు నెత్తిమీదికి వచ్చి తిరుగుతోందంటే గుడ్లు దగ్గర్లో ఉన్నాయని అర్థం. గట్టిగా అరిచేకొద్దీ దగ్గరైనట్టు. కొందరు అరక తోలేవాళ్లు గుడ్లు కనబడితే చుట్టూ నాలుగు కంపపుల్లలు గుచ్చి, అంతమేర వదిలి దున్నడం నేను చూశాను. మూరెడు నేల, నెల్లాళ్లు. ట్రాక్టరుకైతే ముందుగా ఎవరో ఒకరు చేలో నడిచి, పుల్లకు గుడ్డపీలిక కట్టి గుచ్చి రావాలి. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొద్ది గంటలకే నడుస్తాయి. తల్లి ఒక్క అరుపు అరిస్తే ఎక్కడివక్కడ నేలకు అంటుకుపోతాయి. కాళ్ల మధ్యనే ఉన్నా మట్టిపెళ్ల అనుకుంటాం. ఆ సమయంలో నడవకుండా కాసేపు పక్కకు తప్పుకుంటే, పిట్ట దూరంగా దిగి, గొంతు మార్చి మెల్లగా పిలుస్తుంది. అప్పుడు ఒక్కొక్క మట్టిపెళ్లా లేచి దానివైపు పరిగెత్తుతుంది.